మీకు తెలుసా? పుదుచ్చేరి పెళ్లిళ్లు, పరదేశపు కాపురాలు

ఏ ఊళ్లోనైనా పెళ్లికి మూడు ముళ్లే. పుదుచ్చేరిలో మాత్రం నాలుగో ముడి ఒకటి రిజిస్టరులో పడాలి. అది పడకపోతే అటు ఫ్రెంచి కాన్సులేటులో పని జరగదు, ఇటు విదేశీయుల నమోదు కార్యాలయంలోనూ జరగదు. ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో తరతరాలు గడిపిన ఊరు కనుక, ఒకే ఇంటి బీరువాలో రెండు దేశాల పాస్‌పోర్టులు ఉండటం ఇక్కడ పాత సంగతే. ఆ పాస్‌పోర్టుల చుట్టూ అల్లుకున్న పెళ్లి కబుర్లు కొన్ని ఈసారి.

✦ విదేశీ భార్యకో భర్తకో మన దేశంలో ‘పర్మనెంట్ రెసిడెన్సీ’ ఇప్పించడం కుదరదని మీకు తెలుసా? దరఖాస్తు కష్టమని కాదు, పెళ్లి ద్వారా వచ్చే అలాంటి హోదాయే మన చట్టంలో లేదు. 2016లో కేంద్ర మంత్రివర్గం ఆ పేరుతో ఒక పథకానికి ఒప్పుకుంది గాని, అది విదేశీ పెట్టుబడిదారుల కోసం. ఏడాదిన్నరలో 10 కోట్ల రూపాయలో, మూడేళ్లలో 25 కోట్లో తెచ్చిపెట్టి, ఏటా కనీసం 20 మంది భారతీయులకు ఉద్యోగాలు చూపిస్తే పదేళ్ల నివాస హోదా ఇస్తారు. కట్టుకున్నవాళ్లకు లేని సదుపాయం డబ్బు పెట్టినవాళ్లకు దొరికింది!

మరి పుదుచ్చేరి అమ్మాయిని పెళ్లాడి ఇక్కడే ఉండిపోదామనుకున్న పారిస్ అబ్బాయి ఏం చేయాలి? ముందు ఎంట్రీ వీసా తీసుకోవాలి. ‘ఎక్స్ వీసా’ అంటే అందరికీ తెలుస్తుంది. టూరిస్టు వీసా మీద వచ్చి ఇక్కడే పెళ్లి చేసుకున్నా, దేశం దాటకుండానే దాన్ని ఎక్స్ వీసాగా మార్పించుకోవచ్చు. 2018 నుంచి ఈ పనంతా ఈ-ఎఫ్ఆర్ఆర్‌ఓ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి వెళ్లింది. పెళ్లి సర్టిఫికెట్టు, భార్య భారతీయురాలని చూపే పాస్‌పోర్టు, ఆమె రాసిచ్చే హామీ పత్రం, ఇంటి చిరునామా రుజువు అన్నీ ఎక్కించాలి. అంతటితో అయిపోదు. ఇద్దరూ నిజంగా ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నారా అని విచారణ కూడా ఉంటుంది. వీసా గరిష్ఠంగా ఐదేళ్లకు ఇస్తారు, తర్వాత పొడిగించుకోవాలి. ఈ వీసా మీద ఉద్యోగం చేయడానికి లేదు. జీతానికి కుదరాలంటే వీసా మార్పించుకోవాలి. ఇల్లరికం అల్లుడికి ఇది ఇబ్బందే మరి.

పెళ్లి నమోదై రెండేళ్లు గడిచాక ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకు అర్హత వస్తుంది. మనవాళ్లు ఓసీఐ అంటే అమెరికా పిల్లల వ్యవహారం అనుకుంటారు. కానీ భారతీయుల విదేశీ జీవిత భాగస్వాములకూ అది వర్తిస్తుంది. దేశంలో ఉండి దరఖాస్తు చేస్తే రుసుము 15,000 రూపాయలు. పాకిస్తాన్, బంగ్లాదేశ్ మూలాలున్నవాళ్లకు ఇవ్వరు. భద్రతా విచారణ తప్పదు. కార్డు చేతికొస్తే జీవితకాలపు రాకపోకలు, నమోదు కార్యాలయం గొడవ ఉండదు. ఓటు మాత్రం లేదు. ఊళ్లో ఇల్లు కొనుక్కోవచ్చు గాని, శివార్లలో పొలమో తోటో కొనడానికి వీల్లేదు.

ఆ తర్వాతిది పౌరసత్వం. భారతీయ పౌరుణ్ని లేదా పౌరురాలిని పెళ్లాడి, ఏడేళ్లు ఇక్కడ నివసించినవాళ్లు 1955 నాటి పౌరసత్వ చట్టం 5వ సెక్షన్ కింద నమోదు కోరవచ్చు. ఈ ఏడేళ్ల లెక్క తమాషాగా ఉంటుంది. దరఖాస్తుకు ముందరి 12 నెలలూ గడప దాటకుండా దేశంలోనే ఉండాలి. దానికి ముందరి ఎనిమిదేళ్లలో మొత్తం ఆరేళ్లు ఉంటే చాలు. అంటే పుట్టింటికి వెళ్లి రావడానికి చట్టం కాస్త వెసులుబాటు ఇచ్చిందన్నమాట. కాకపోతే సొంత దేశపు పాస్‌పోర్టు వదులుకోవాలి. అందుకే చాలామంది ఓసీఐ దగ్గరే ఆగిపోతారు, అందులో తప్పేమీ కనిపించదు నాకు.

✦ 1986కు ముందు ఈ పౌరసత్వ నమోదు కోడళ్లకే గాని అల్లుళ్లకు లేదు. చట్టంలో ‘భారత పౌరులను పెళ్లాడిన స్త్రీలు’ అనే ఉండేది. విదేశీ కోడలు భర్త పేరు చెప్పి నమోదు చేయించుకోవచ్చు. విదేశీ అల్లుడు మాత్రం ఊరూపేరూ లేని పరాయివాడిలాగే దీర్ఘకాల నివాసం చూపించి పౌరసత్వం అడగాల్సి వచ్చేది. 1986 సవరణతో ‘స్త్రీలు’ పోయి ‘వ్యక్తులు’ వచ్చారు. ఇటలీలో పుట్టిన సోనియా గాంధీకి 1983లో పౌరసత్వం వచ్చింది పాత రూపంలోని ఆ సెక్షన్ కిందనే. ఆమె పెళ్లి 1968లో జరిగింది.

✦ గుళ్లో పెళ్లి అయిన రోజు, రిజిస్టరులో పెళ్లి ఎక్కిన రోజు వేరువేరైతే ఓసీఐకి ఏ రోజు లెక్క? చట్టంలోని మాట ప్రకారం పెళ్లి ‘నమోదై’, ఆపైన దరఖాస్తు నాటికి కనీసం రెండేళ్లు ఎడతెగక ‘కొనసాగి’ ఉండాలి. పెళ్లి ఫొటోలు, శుభలేఖ, పురోహితుడి సాక్ష్యం ఎన్ని ఉన్నా నమోదు ఆలస్యమైతే ఓసీఐ కూడా ఆలస్యమే. మన వైపు పెళ్లయిన ఏ పదేళ్లకో, పాస్‌పోర్టు అవసరం పడినప్పుడు తీరిగ్గా రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్తాం. విదేశీ సంబంధానికి ఆ తీరిక పనికిరాదు. ప్రత్యేక వివాహ చట్టం కింద అయితే ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో 30 రోజులు నివాసం ఉండి నోటీసు ఇవ్వాలి, ఆపైన అభ్యంతరాల కోసం మరో 30 రోజులు ఆగాలి. టూరిస్టు వీసా గడువు ఈలోపే కరిగిపోతుంటుంది.

పుదుచ్చేరివాళ్లకు ఈ అలవాటు మాత్రం పూర్వం నుంచే ఉంది. జననం, వివాహం, మరణం మూడూ రిజిస్టరుకెక్కాలని 1880లోనే ఫ్రెంచి ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ముత్తాత పెళ్లి ఏ రోజు జరిగిందో, సాక్షి సంతకాలు ఎవరివో కాగితం తీసి చూపించగల కుటుంబాలు ఈ ఊళ్లో ఉన్నాయంటే కారణం అదే.

✦ ఇక అసలు కథకు వద్దాం. 1954 నవంబరు 1న పుదుచ్చేరి పాలన మన చేతికొచ్చింది. చట్టరీత్యా విలీనం మాత్రం ఎనిమిదేళ్లు ఆలస్యం. 1956 మే 28న రెండు ప్రభుత్వాలూ సంతకం చేసిన అప్పగింత ఒడంబడిక 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. ఆ రోజున ఇక్కడ పుట్టి ఇక్కడే ఉంటున్న ఫ్రెంచి జాతీయులందరూ భారతీయులైపోయారు. వద్దనుకున్నవాళ్లు ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా ‘నేను ఫ్రెంచి జాతీయత నిలుపుకుంటున్నాను’ అని ప్రకటించాలి. అలా ప్రకటించినవాళ్లు ఎన్నడూ భారతీయులు కానట్టే లెక్క.

ఆరు నెలలే! పేటల్లో, పల్లెల్లో ఎంతమందికి ఈ సంగతి అందిందో, అందినవాళ్లలో ఎంతమంది దాని విలువ అంచనా వేయగలిగారో ఊహించుకోవచ్చు. సైన్యంలో, ప్రభుత్వ కొలువుల్లో ఉన్నవాళ్లకు సంగతి తెలుసు, పింఛను సంగతి అంతకన్నా బాగా తెలుసు. అలా ప్రకటన రాసిచ్చిన కుటుంబాల మనవళ్లు ఇవాళ ఫ్రెంచి అధ్యక్ష ఎన్నికల్లో పుదుచ్చేరిలోనే ఓటు వేస్తారు. ఈ ప్రాంతంలో అలాంటి ఓటర్లు నాలుగు వేలకు పైగా ఉన్నారు. పక్కింటివాళ్లు, ఒక్కోసారి సొంత అన్నదమ్ముల పిల్లలు, అదే వీధిలో భారతీయులు.

ఈ ఒడంబడికలో పెళ్లికి సంబంధించిన నిబంధనలు రెండున్నాయి, రెండూ ఆసక్తికరమైనవే. మొదటిది, భర్త తీసుకున్న నిర్ణయం భార్య జాతీయతను మార్చదు. ఎవరి ప్రకటన వాళ్లదే. ఆయన కాగితం రాసిచ్చి ఫ్రెంచివాడిగా మిగిలి, ఆవిడ రాయక భారతీయురాలైతే, ఆ రోజుతో మొగుడు తన ఇంట్లోనే విదేశీయుడు! రెండోది, 18 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలకు తండ్రి ప్రకటనే వర్తిస్తుంది, తండ్రి లేకపోతే తల్లిది. 16 ఏళ్లు దాటి పెళ్లయిన కొడుకుంటే మాత్రం వాడి నిర్ణయం వాడిదే. పదహారేళ్ల పెళ్లికొడుకుల కోసం రెండు దేశాల దౌత్యవేత్తలు కూర్చుని ఒక వాక్యం రాయాల్సి వచ్చిందంటే, నాటి పెళ్లీడు ఎంతో తెలుస్తూనే ఉంది.

✦ 1973కు ముందు ఫ్రెంచివాణ్ని పెళ్లాడిన పరాయి దేశపు అమ్మాయికి స్పాన్సరు అక్కర్లేదు. పెళ్లి జరిగిన క్షణానే ఆమె ఫ్రెంచి జాతీయురాలు. వీసా, కార్డు, నిరీక్షణ ఏమీ లేవు. ఫ్రెంచి అమ్మాయిని చేసుకున్న పరాయి అబ్బాయికి ఈ వరం లేదు. 1973 జనవరి 9 నాటి చట్టం ఇద్దరినీ ఒకే గాటన కట్టింది. అప్పటినుంచి ఎవరైనా సరే, పెళ్లి తర్వాత అడిగి తీసుకోవాల్సిందే. మన దేశం ఇదే సమానత్వానికి రావడానికి మరో 13 ఏళ్లు పట్టిందని పైన చూశాం కదా.

✦ పుదుచ్చేరిలో కొన్ని ఇళ్లలో పండగకు ‘చాయో’ వండుతారు. మాంసం కూరి చుట్టి నూనెలో వేయించిన ఈ చుట్టలు వియత్నాం నుంచి వచ్చాయి, కోడళ్లతో పాటు వచ్చాయి. సైగాన్‌లో ఫ్రెంచి పాలన నడిచినంతకాలం పుదుచ్చేరి, కారైకాల్ మనుషులు అక్కడ సిపాయిలుగా, పోలీసులుగా, పన్ను వసూలు గుమాస్తాలుగా పనిచేశారు. కొందరు అక్కడి అమ్మాయిలను పెళ్లాడారు. 1954లో దియెన్ బియెన్ ఫూ దగ్గర ఫ్రెంచి సైన్యం ఓడి, ఇండోచైనాలో వాళ్ల ఏలుబడి ముగిసింది. సరిగ్గా ఆ ఏడే పుదుచ్చేరిలోనూ జెండా మారింది. అక్కడ సర్దుకుని ఇక్కడికి వచ్చిన కుటుంబాలకు రెండు చోట్లా కాళ్ల కింద నేల కదిలిపోయింది.

వాళ్ల పిల్లల విషయంలో ఒడంబడిక మరో చిక్కు ముడి వేసింది. ‘ఇక్కడ పుట్టినవాళ్ల’ గురించే అందులోని జాతీయత అధికరణం మాట్లాడింది. సైగాన్‌లో పుట్టి పుదుచ్చేరిలో పెరిగిన పిల్ల ఆ మాటలోకి రాదు. ఒక తరం తర్వాత జాతీయత వ్యాజ్యాల్లో ఫ్రెంచి న్యాయవాదులు ఇలాంటి జన్మస్థలాలనే వెతికి పట్టుకునేవారు.

✦ ఇప్పుడు ఫ్రెంచి పాస్‌పోర్టున్న పుదుచ్చేరి అబ్బాయి ఇక్కడి అమ్మాయిని చేసుకుని తీసుకెళ్లాలంటే ఏం కావాలి? పెళ్లి సంబంధాల్లో ‘ఫ్రెంచ్ నేషనాలిటీ’ అన్న రెండు మాటలకు ఎంత గిరాకీ ఉందో ఊరందరికీ తెలుసు. అబ్బాయికైతే కట్నంలో, అమ్మాయికైతే ఎదురు మర్యాదల్లో అది కనిపిస్తుంది. ఆ గిరాకీ సంగతి కాన్సులేటుకూ తెలుసు. అందుకే వడపోత పెళ్లికి ముందే మొదలవుతుంది. వివాహ అర్హత పత్రం కోసం ముందుగా దరఖాస్తు చేయాలి, పది రోజుల పాటు ప్రకటన అతికిస్తారు, అవసరమనిపిస్తే ఇద్దరినీ పిలిచి మాట్లాడతారు. ఒక్కోసారి విడివిడిగానూ మాట్లాడతారు. 2006 చట్టం తర్వాత ఈ పరీక్ష గట్టిపడింది. ఫ్రెంచి పౌరుడి పెళ్లికి, అది ఏ దేశంలో జరిగినా సరే, అతను స్వయంగా హాజరు కావాలి. సెలవు దొరకలేదని ఫోటోకో కత్తికో తాళి కట్టించే పాత ఉపాయాలు ఫ్రెంచి చట్టం ముందు చెల్లవు.

పెళ్లయ్యాక దాన్ని ఫ్రెంచి రిజిస్టర్లలోకి ఎక్కించుకోవాలి. విదేశాల్లో జరిగిన ఫ్రెంచి పెళ్లిళ్ల రికార్డులకు నాంత్ నగరంలో ఒక కేంద్ర కార్యాలయమే ఉంది. ఎక్కాక ‘లివ్రే ద ఫామీ’ అనే చిన్న పుస్తకం చేతికిస్తారు. భార్యాభర్తల వివరాలు మొదట, పుట్టే పిల్లలకు తర్వాతి పేజీలు. పుదుచ్చేరి ఫ్రెంచి ఇళ్లలో దాన్ని నగలతో పాటు దాచుకుంటారంటే నేను ఆశ్చర్యపోను. ఫ్రెంచి సైన్యంలో చేసి రిటైరైనవాళ్లను ఇక్కడ ‘సొల్దా’ అంటారు. సొల్దా పోయాక ఆయన పింఛనులో వాటా భార్యకు రావాలన్నా నమోదైన పెళ్లే ఆధారం. కలిసి కాపురం చేసిన ఏళ్లు ఎన్నైనా వాటితో పని జరగదు.

ఆపైన దీర్ఘకాల వీసా. ఫ్రెంచివాళ్ల భార్యాభర్తలకు దీనికి రుసుము లేదు, దిగిన నాటినుంచే ఉద్యోగం చేసుకోవచ్చు. మన ఎక్స్ వీసాతో పోల్చి చూడండి. వెళ్లిన మూడు నెలల్లోపు ఆన్‌లైన్‌లో దాన్ని ధ్రువీకరించుకోవాలి, పౌర జీవితం గురించి తరగతులకు హాజరు కావాలి. మూడేళ్లు కలిసి కాపురం చేశాక పదేళ్ల రెసిడెంట్ కార్డు అడగవచ్చు. శాశ్వత నివాసం అని మనం అనుకునేది దాదాపు ఇదే. 2024లో వచ్చిన చట్టం భాష దగ్గర బిగించింది. 2026 జనవరి నుంచి ఈ కార్డుకు బీ1 స్థాయి ఫ్రెంచి రావాలి, జాతీయతకైతే బీ2. 1889 నుంచి పుదుచ్చేరిలో ఫ్రెంచి నేర్పుతున్న అలియాన్స్ ఫ్రాన్సేజ్‌కు కొత్త కోడళ్లూ కొత్త అల్లుళ్లూ ఎందుకు వెళ్తారో వేరే చెప్పాలా? కాగితం కోసం దొంగ పెళ్లి చేసుకున్నారని తేలితే ఐదేళ్ల జైలు, 15,000 యూరోల జరిమానా వరకు పడవచ్చు.

✦ ఫ్రెంచి జాతీయత కోసం ఫ్రాన్సులోనే ఉండాలని లేదు. పెళ్లయిన నాలుగేళ్లకు, కొన్ని సందర్భాల్లో ఐదేళ్లకు, పుదుచ్చేరిలో కాపురం ఉంటూనే కాన్సులేటు ద్వారా అడగవచ్చు. కానీ వచ్చిన రోజున మన చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. అమ్మాయి ఉన్న ఇల్లు, వీధి, పుట్టిల్లు ఏవీ మారవు. ఆమె మాత్రం ఆ రోజు నుంచి విదేశీయురాలు, పాత పాస్‌పోర్టు అప్పగించి ఓసీఐకి దరఖాస్తు చేసుకోవాలి. ఇక ఆమె భర్త సంగతి. ఎన్నడూ భారతీయుడు కాని ఆయనకు ఓసీఐ ఎలా? చట్టంలో దానికీ ఒక చోటుంది. 1947 ఆగస్టు 15 తర్వాత భారతదేశంలో కలిసిన ప్రాంతానికి చెందినవాళ్లు, వాళ్ల పిల్లలు, మనవలు, మునిమనవలు కూడా అర్హులే. పుదుచ్చేరి, గోవా లాంటి చోట్లవాళ్ల కోసమే ఆ ఒక్క వాక్యం.

✦ రెండు దేశాల పౌరసత్వం కావాలని ఈ ఊళ్లో అందరికంటే ముందు బహిరంగంగా కోరినవారిలో అరవిందాశ్రమం ‘మదర్’ ఒకరు. పారిస్‌లో పుట్టిన మీరా అల్ఫాసా 1914లో భర్త పాల్ రిషార్‌తో కలిసి మొదటిసారి పుదుచ్చేరి వచ్చారు. ఆ ఏడు ఆయన ఇక్కడినుంచి ఫ్రెంచి పార్లమెంటుకు పోటీచేసి ఓడిపోయారు. 1920లో తిరిగివచ్చిన ఆమె 1973లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉన్నారు. భారతీయురాలు కావాలని, అయితే ఫ్రెంచి జాతీయత వదలకుండానే కావాలని 1954 ఆగస్టు 15న ఆమె ప్రకటించారు. మన చట్టం అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోదు.

✦ హిందూ వివాహ చట్టం పుదుచ్చేరిలో ‘రెనాన్సాన్’లకు వర్తించదు. 1881 సెప్టెంబరు 21 నాటి ఉత్తర్వు ప్రకారం కులాచారాలు, సొంత స్మృతి వదులుకుని ఫ్రెంచి సివిల్ కోడ్ కిందకి వచ్చినవాళ్లు వీళ్లు. ఆ ఉద్యమానికి ముందు నిలిచిన పొన్నుతంబి పిళ్లై ‘లాపోర్త్’ అని ఫ్రెంచి ఇంటిపేరు పెట్టుకున్నారు. పాలన మారినా ఈ మినహాయింపును మన ప్రభుత్వం చట్టంలోనే రాసి ఉంచింది.

✦ యానాం తెలుగువాళ్లకు పెళ్లి విషయంలో సరిహద్దు మరోలా పనికొచ్చింది. బాల్య వివాహాలను అడ్డుకునే శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి బ్రిటిష్ ఇండియాలో అమలైంది. యానాం ఫ్రెంచి నేల కనుక అక్కడ చెల్లదు. చుట్టుపక్కల జిల్లాలవాళ్లు పందిరి, పురోహితుడితో సహా పడవలూ బళ్లూ కట్టుకుని యానాం వచ్చి పెళ్లిళ్లు చేసేవారు. యానాంకు కల్యాణపురం అన్న పేరు అలాగే వచ్చింది. పేరులో ఉన్నంత శుభం ఆ పసిపిల్లల బతుకుల్లో ఉండి ఉంటుందని నేననుకోను.

✦ చివరగా, అమెరికా వెళ్లినవాళ్ల కోసం ఒకటి. అక్కడి పౌరుల భార్యాభర్తలకు గ్రీన్‌కార్డులో దేశాలవారీ పరిమితి లేదు. పెళ్లయి రెండేళ్లు నిండకముందే కార్డు వస్తే అది రెండేళ్ల షరతు కార్డు. ఉద్యోగం ద్వారా వచ్చే కార్డుకు మాత్రం ఏ దేశానికీ ఏడు శాతం మించి ఇవ్వకూడదన్న పరిమితి ఉంది. అందుకే మన ఇంజనీర్ల నిరీక్షణ ఏళ్లకేళ్లు సాగుతోంది. ఆ వరుసలో చూసేది పాస్‌పోర్టును కాదు, పుట్టిన చోటును. పుదుచ్చేరిలో పుట్టి ఫ్రెంచి పాస్‌పోర్టుతో అమెరికా చేరిన ఇంజనీరు కూడా హైదరాబాద్ కుర్రాడి వెనకే, భారతదేశపు వరుసలోనే నిలబడాలి. కట్టుకున్న అమ్మాయి లియోన్‌లోనో మార్సేలోనో పుట్టి ఉంటే మాత్రం ఆమె జన్మస్థలపు వరుసను అతనూ వాడుకోవచ్చు.